ప్రాచీన ఈజిప్టు తాయెత్తులు కొనేముందు ఏం చూడాలి?

లండన్‌లో ఉద్యోగం చేస్తున్న ఒకరి ప్రశ్న ఇది. ఆన్‌లైన్ వేలంలో రెండు ఈజిప్టు తాయెత్తులు కలిపి 280 పౌండ్లకు వస్తున్నాయి. ఒకటి నీలాకుపచ్చ రంగులో ఉన్న హోరస్ కన్ను, అంటే హోరస్ అనే దేవుడి కంటి ఆకారపు తాయెత్తు, రెండోది మూడవ థుట్‌మోస్ అనే ఈజిప్టు రాజు పేరు చెక్కిన స్కారబ్, అంటే పేడపురుగు ఆకారంలో ఉన్న చిన్న ముద్ర. “1970కి ముందటి పాత యూరోపియన్ సేకరణ” అని అమ్మకందారు రాశారు, జీవితకాలపు ప్రామాణికత పత్రం కూడా ఇస్తామంటున్నారు. ఇవి అసలువేనా, చట్టబద్ధంగా కొని వచ్చే ఏడాది విశాఖపట్నం తీసుకువెళ్లవచ్చా, కన్నును గొలుసుకు వేసుకుని ధరించవచ్చా అని మూడు సంగతులు అడిగారు.

ఇప్పుడున్న వివరాలతో అయితే కొనకండి అన్నదే నా సమాధానం. మీరు జతచేసిన ఫొటోలను బట్టి స్కారబ్ అసలుది అయ్యే అవకాశం ఉంది, కన్ను మీద మాత్రం నాకు గట్టి అనుమానాలున్నాయి. అయితే నేను వద్దంటున్నది నకిలీ అన్న భయంతో కాదు. నకిలీ కొంటే మీకు పోయేది 280 పౌండ్లు. ఆధారాలు లేకుండా అసలు వస్తువు కొంటే, తెలియకుండానే ఒక దొంగసొత్తును ఇంట్లో పెట్టుకున్నవారు కావచ్చు. దాన్ని తిరిగి అమ్మడం కష్టం, సరిహద్దు దాటించడం కష్టం, విసుగెత్తి ఏ మ్యూజియానికైనా ఇచ్చేద్దామన్నా వారు తీసుకోరు. పురావస్తువులకు వేలం కేటలాగులు రాయడం, తర్వాత కొనేవారికి సలహాలివ్వడం నా వృత్తి కాబట్టి, ఈ మాటను బాధ్యతతోనే చెబుతున్నాను.

ఈజిప్టులో తాయెత్తులు అమ్మడం ఒకప్పుడు బహిరంగంగా సాగిన వ్యాపారమే. 1912 నాటి చట్టం కింద లైసెన్సు పొందిన వ్యాపారులు కైరోలో, లక్సర్‌లో దుకాణాలు పెట్టుకుని అమ్మేవారు. కైరోలోని ఈజిప్షియన్ మ్యూజియంలోనే 1979 వరకు ఒక అమ్మకపు గది నడిచింది. ఇదికాక, తవ్వకాలు జరిపిన విదేశీ బృందాలకు దొరికినవాటిలో వాటా ఇచ్చే పద్ధతి ఉండేది. 1882లో లండన్‌లో ఏర్పడిన ఈజిప్టు తవ్వకాల నిధి సంస్థ అలా వచ్చిన వాటాను తనకు చందాలిచ్చిన మ్యూజియాలకు, సంఘాలకు పంచేది. ఆ దారుల్లో వచ్చిన తాయెత్తులు వేల సంఖ్యలో ఇప్పటికీ ప్రైవేటు చేతుల్లో ఉన్నాయి, వాటిని కొనడంలో తప్పేమీ లేదు. 1983లో వచ్చిన 117వ నంబరు చట్టం ఆ తలుపులను మూసేసింది. ఈజిప్టు నేలలో దొరికిన ప్రతి పురావస్తువూ ప్రభుత్వ ఆస్తి అని ప్రకటించి, వ్యాపారాన్ని నిషేధించింది. ఆ తరువాత భూమిలోంచి తీసి బయటికి పంపినది ఎంత చిన్న పూస అయినా అది చోరీ సొత్తే.

మరి అమ్మకందారులందరూ 1970 అనే ఎందుకు రాస్తారు? సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అరికట్టడానికి యునెస్కో ఒప్పందం కుదిరిన సంవత్సరం అది. పెద్ద మ్యూజియాలు, పేరున్న వేలం సంస్థలు ఆ తేదీని తమకు తాము గీసుకున్న గీతగా పాటిస్తున్నాయి. అది తెలిసిన ప్రతివారూ తమ సరుకు ఆ గీతకు అవతలిదేనని రాసుకుంటారు. “పాత యూరోపియన్ సేకరణ” అన్న మాటలో యజమాని పేరు లేదు, ఊరు లేదు, తేదీకి ఆధారం లేదు. ఊళ్లో రెండు సెంట్ల స్థలం కొనడానికి మనవాళ్లు లింకు డాక్యుమెంట్లు, ఈసీ తీయించి, ముప్పై ఏళ్లలో ఎవరి నుంచి ఎవరికి మారిందో చూసుకున్నాకే బయానా ఇస్తారు. తాయెత్తు విషయంలోనూ ఆ వరుసే కావాలి, మధ్యలో ఒక్క లింకు తెగినా అడగాలి.

ఇంతగా చెప్పడానికి కారణం, ఈ రంగంలో వస్తువుల కంటే కాగితాలకు నకిలీలు చేయడం తేలిక. జొనాథన్ టోక్లీ పారీ అనే బ్రిటిష్ వ్యక్తి అసలైన ఈజిప్టు శిల్పాలకు ప్లాస్టిక్ పూత పూసి, పైన రంగులు వేసి, పర్యాటకులు కొనుక్కునే చవక బొమ్మల్లా మార్చి దేశం దాటించేవాడు. బయటికి వచ్చాక పూత తీసేసి, 1920ల నాటి “థామస్ ఆల్కాక్ సేకరణ” అంటూ లేని సేకరణ ఒకటి సృష్టించి, దాని చీటీలకు టీ డికాక్షన్‌తో పాతదనం తెప్పించాడు. అతని ద్వారా సరుకు తీసుకున్న న్యూయార్క్ వ్యాపారి ఫ్రెడరిక్ షుల్ట్స్‌కు 2002లో 33 నెలల జైలుశిక్ష పడింది. ఈజిప్టు చట్టం ప్రకారం ప్రభుత్వానిదైన వస్తువు అమెరికాలోనూ దొంగసొత్తే అవుతుందని ఆ కేసులో తేలింది. వ్యక్తులే కాదు, సంస్థలూ మోసపోయాయి. నెజెమాంఖ్ అనే పూజారి బంగారు శవపేటికను న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియం 2017లో దాదాపు 40 లక్షల డాలర్లకు కొన్నది. 1971 నాటిదంటూ చూపించిన ఎగుమతి అనుమతి నకిలీదని తేలడంతో 2019లో ఆ పేటిక ఈజిప్టుకు తిరిగి వెళ్లింది. అంత పెద్ద మ్యూజియం, అన్ని వనరులు ఉండి కూడా ఒక కాగితాన్ని నమ్మి మోసపోయింది.

నా చేతికి వచ్చిన ఒక ఉదాహరణ చెబుతాను. ఒక చిన్న తాయెత్తుల దండకు మద్దతుగా జర్మనీ నుంచి ఒక ఉత్తరం జతచేశారు. 1985 తేదీ, టైపు మిషన్ అక్షరాలు, పసుపు పట్టిన కాగితం, కింద సంతకం, అన్నీ ఉన్నాయి. అయితే పైన అచ్చువేసిన చిరునామాలో పోస్టల్ కోడ్ ఐదు అంకెలలో ఉంది. జర్మనీలో ఐదంకెల పోస్టల్ కోడ్లు వచ్చింది 1993 జూలైలో, అంతకుముందు పశ్చిమ జర్మనీలో నాలుగంకెలే. ఆ దండలోని తాయెత్తులు నాకు కనిపించినంతవరకు అసలైనవే. అసలైనవి కావడం వల్లే సంగతి మరింత తీవ్రమైంది, ఎందుకంటే సక్రమంగా వచ్చిన వస్తువుకు ఎవరూ ఉత్తరం కల్పించరు. దాన్ని అమ్మకానికి తీసుకోలేదు.

మంచి ఆధారం ఎలా ఉంటుందో కూడా చెప్పాలి, లేకపోతే నేను అన్నింటినీ అనుమానించమంటున్నట్టు అవుతుంది. పాత వేలం కేటలాగులో వస్తువు కొలతతో సహా ఉండటం చాలా బలమైన ఆధారం. లండన్‌లోని సోదబీస్ వేలం సంస్థలో హిల్టన్ ప్రైస్ సేకరణ 1911లోను, లార్డ్ ఆమ్హర్స్ట్ సేకరణ 1921లోను, విలియం మెక్‌గ్రెగర్ సేకరణ 1922లోను అమ్ముడయ్యాయి. ఆ పేర్లతో వచ్చే తాయెత్తులను పాత కేటలాగుతో పోల్చి చూడవచ్చు, పోల్చి తీరాలి, ఎందుకంటే ఆ పేర్లను వాడుకునేవారూ ఉన్నారు. తవ్వకాల్లో దొరికినవాటి మీద నల్లసిరాతో సన్నగా సమాధి సంఖ్య రాసి ఉండవచ్చు. అలాంటి గుర్తు కనిపిస్తే దయచేసి తుడవకండి, వస్తువు మీద ఉన్న అన్నిటికంటే విలువైన గీత అదే కావచ్చు. వీటికి తోడు బీమా జాబితాలు, తేదీ తెలిసే కుటుంబ ఫొటోలు, దుకాణం రసీదులు, డైరీలు పనికొస్తాయి.

మన తెలుగు కుటుంబాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో నాలుగవ భారత డివిజన్ ఈజిప్టు ఎడారిలో పోరాడింది. ఆ కాలంలో అక్కడ సైనిక వైద్యుడిగా పనిచేసిన తాతగారి పెట్టెను గుంటూరు జిల్లాకు చెందిన ఒక కుటుంబం నాకు చూపించింది. ఒక సిగరెట్ రేకు డబ్బాలో దూది మధ్య కొన్ని స్కారబ్‌లు ఉన్నాయి. చూడటానికి ముచ్చటగా, నునుపుగా, నీలంగా మెరుస్తున్నవన్నీ ఆ రోజుల్లో పర్యాటకుల కోసం చేసినవి. గ్లేజు, అంటే గాజులాంటి పైపూత, పూర్తిగా పోయి, వెన్ను మీద చీలికతో గోధుమ రంగులో ఉన్న వేలిగోరంత స్కారబ్ ఒక్కటే ప్రాచీనమైనది. దానికి విలువ తెచ్చింది మాత్రం డబ్బాలో అడుగున ఉన్న ఉత్తరం. కైరోలో ఒక దుకాణంలో ఈ పురుగుల్ని కొన్నానని, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడమని ఆయన భార్యకు తెలుగులో రాశారు. తేదీ, సైనిక తపాలా ముద్ర రెండూ ఉన్నాయి. డబ్బాను, దూదిని, ఉత్తరాన్ని విడదీయకుండా కలిపి ఉంచమని చెప్పాను.

ఇక మీ మొదటి ప్రశ్నకు, అసలుదా కాదా అన్నదానికి వద్దాం. ఇందులో చెప్పవలసింది ఎక్కువ ఉంది.

హోరస్ కన్ను వంటి తాయెత్తుల్లో ఎక్కువ భాగం ఫయాన్స్‌తో చేసినవి. ఇది మట్టి కాదు. నలగ్గొట్టిన క్వార్ట్జ్ లేదా ఇసుకలో కొంచెం సున్నం, నేట్రాన్ అనే సహజ క్షారం లేదా మొక్కల బూడిద, రంగు కోసం రాగి సమ్మేళనం కలిపి తడి ముద్దగా చేసి, కాల్చిన మట్టి అచ్చులో ఒత్తేవారు. అచ్చు ఒకవైపే తెరిచి ఉంటుంది కాబట్టి ముందువైపు ఆకారం వస్తుంది, వెనుకవైపు చదునుగానో చేత్తో దిద్దినట్టుగానో ఉంటుంది. అలాంటి అచ్చులు ఈజిప్టులోని అమర్నాలో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పీట్రీ తవ్వినప్పుడు వేల సంఖ్యలో బయటపడ్డాయి. ముద్ద ఆరుతున్నప్పుడు లోపలి క్షారలవణాలు నీటితోపాటు పైకి చేరి పొరలా నిలుస్తాయి. కొలిమిలో ఆ పొర కరిగి దానంతట అదే గ్లేజు అవుతుంది. గాలి బాగా తగిలినచోట గ్లేజు మందంగా, కింద ఆనించినచోట పలచగా ఉండటం, దారం కోసం పచ్చిమీదే పుల్లతోనో తీగతోనో చేసిన రంధ్రపు అంచు మీద గ్లేజు కొంచెం లోపలికి పాకి ఉండటం ఇందువల్లే. అంచు పెచ్చు ఊడినచోట భూతద్దంతో చూస్తే లోపలి పదార్థం చక్కెర పలుకుల్లా తెల్లగా, బూడిదరంగుగా మెరుస్తుంది.

మీరు పంపిన కన్ను ఫొటోలో నాకు నచ్చనివి ఇవి. అంచు చుట్టూ ఒక సన్నని గీత నడుస్తోంది, రెండు భాగాల అచ్చులో పోసిన రెసిన్ వస్తువులకు అలాంటి అతుకు వస్తుంది. గ్లేజు అన్నివైపులా ఒకే మందంలో, పెయింటు వేసినట్టుగా ఉంది. రంధ్రం ఒక చివర నుంచి రెండో చివర వరకు యంత్రంతో తొలిచినంత తిన్నగా ఉంది. రేఖల మధ్య ఇరుక్కున్న మట్టి మాత్రం లోతైనచోట్ల కాక ఫొటోలో బాగా కనిపించేచోటే ఉంది. ఫొటో చూసి తీర్పు చెప్పడం సరికాదు కనుక అనుమానం అనే అంటున్నాను. వస్తువు చేతిలో ఉంటే అతినీలలోహిత దీపం కింద చూడవచ్చు, ఆధునికమైన జిగురు, రెసిన్ ఆ వెలుతురులో తెలిసిపోతాయి. ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ పరీక్ష చేయిస్తే వస్తువుకు హాని లేకుండా గ్లేజులోని మూలకాలు బయటపడతాయి. ప్రాచీన నీలానికి రాగి, మూడవ థుట్‌మోస్ వంటి రాజులు ఏలిన కొత్త రాజ్యకాలంలో కొన్ని ముదురు నీలాలకు కోబాల్టు, నలుపుకు మాంగనీసు, పసుపుకు సీసం, యాంటిమొనీ కలిసిన పదార్థం వాడారు. నేను పరీక్ష చేయించిన ఒక ఆకుపచ్చ తావెరెట్ బొమ్మ, అంటే గర్భిణులను కాపాడే నీటిగుర్రపు దేవత, చూపుకు ఏ లోపమూ లేకుండా ఉంది. దాని గ్లేజులో క్రోమియం పుష్కలంగా వచ్చింది. క్రోమియం అనే మూలకాన్ని కనుగొన్నదే 1797లో.

స్కారబ్ సంగతి వేరు. అది స్టీటైట్ అనే మెత్తని రాయి, మన బలపపు రాయి కుటుంబానిది. గోటితో గీరితే గీత పడేంత మెత్తన కాబట్టి చెక్కడం సులువు, గ్లేజు వేసి కాల్చితే బాగా గట్టిపడుతుంది. మీ ఫొటోలో కాళ్ల మధ్య గాడుల్లో ఆకుపచ్చ గ్లేజు అవశేషాలు, ఎత్తైన భాగాల్లో సహజమైన అరుగుదల కనిపిస్తున్నాయి. దారపు రంధ్రం రెండు చివర్ల నుంచి తొలిచి మధ్యలో కలిపినట్టు కొంచెం పక్కకు జరిగింది, పాతవాటిలో తరచుగా చూసేది అదే. ఇవన్నీ మంచి లక్షణాలు. అయితే అమ్మకందారు “క్రీస్తుపూర్వం 1450” అని రాసిన కాలనిర్ణయం కేవలం పేరు మీద ఆధారపడింది, అది నిలవదు. స్కారబ్ మీద రాజు పేరు ఉన్నంతమాత్రాన అది ఆ రాజు కాలానిది అయిపోదు. మూడవ థుట్‌మోస్ సింహాసన నామమైన మెన్‌ఖెపెర్రేకు రక్షణశక్తి ఉందని నమ్మి, ఆయన చనిపోయాక వందల ఏళ్ల పాటు ఆ పేరుతో స్కారబ్‌లు చేస్తూనే వచ్చారు. కాలం తేల్చాలంటే పురుగు తల ఆకారం, రెక్కల విభజన గీతలు, కాళ్లు చెక్కిన తీరు, అడుగున అక్షరాల అమరిక, అన్నీ కలిపి తవ్వకాల్లో దొరికిన స్కారబ్‌లతో పోల్చాలి. పందొమ్మిదో శతాబ్దం నుంచి లక్సర్ ప్రాంతపు పనివాళ్లు పాత రాతితో, పాత పద్ధతిలో ఇదే పేరు చెక్కిన స్కారబ్‌లు చేస్తున్నారని కూడా గుర్తుంచుకోవాలి. అందుకే దీన్నీ “అవకాశం ఉంది” అన్నంతవరకే చెప్పాను.

జీవితకాలపు ప్రామాణికత పత్రం గురించి ఒక్క మాట చాలు. అమ్మేవారు తమ సరుకు మంచిదని తామే రాసుకున్న కాగితం అది. వస్తువు నకిలీ అని తేలితే పూర్తి డబ్బు వాపసు ఇస్తామన్న లిఖితపూర్వక షరతు దానికంటే మేలు.

కాగితాల మీద నాకున్న ఈ పట్టుదల చట్టం కోసం మాత్రమే కాదు. తాయెత్తు ఎక్కడ దొరికిందన్నది దాని అర్థంలో సగం. ఈజిప్షియన్లు వీటిని బతికున్నప్పుడు మెడలో, చేతికి, పిల్లల జడల్లో కట్టుకున్నారు. చనిపోయినవారి కట్టు గుడ్డల పొరల మధ్య మరింత జాగ్రత్తగా అమర్చారు. ఏ తాయెత్తు ఏ రాతితో చేయాలో, ఏ మంత్రం చదవాలో మృతుల గ్రంథం, అంటే చనిపోయినవారి కోసం రాసిన మంత్రాల సంపుటి, చెబుతుంది. జెద్ స్తంభం అనే తాయెత్తును బంగారంతోను, ఐసిస్ దేవత ముడి ఆకారపు తాయెత్తును జాస్పర్ అనే ఎర్రని రాతితోను చేయమంటుంది. పరలోకంలో తీర్పు వేళ గుండె తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పకూడదని వేడుకునే మంత్రాన్ని ఆకుపచ్చ రాతి స్కారబ్ మీద చెక్కమంటుంది. పీట్రీ 1914లో తాయెత్తులను 275 రకాలుగా వర్గీకరించాడు. హవారాలో హొరుజా అనే వ్యక్తి మమ్మీ మీద ఏ తాయెత్తు ఎక్కడ ఉందో వరుసతో సహా ఆయన నమోదు చేయబట్టే ఆ అమరిక ఈ రోజు మనకు తెలుసు.

1916లో నాగ్ ఎల్ హసాయాలో దొరికి, కైరో మ్యూజియం నేలమాళిగలో ఉండిపోయిన ఒక యువకుడి మమ్మీని ఈమధ్య విప్పకుండానే సీటీ స్కాన్ చేశారు. ఆ ఫలితాలు 2023లో వచ్చాయి. పద్నాలుగు, పదిహేనేళ్ల ఆ కుర్రవాడి ఒంటి మీద, లోపల కలిపి 49 తాయెత్తులు, 21 రకాల ఆకారాల్లో, మూడు నిలువు వరుసల్లో ఉన్నాయి. నోట్లో బంగారు నాలుక, ఛాతీ లోపల బంగారు స్కారబ్. ఆ పిల్లవాడు పరలోకంలో మాట్లాడగలగాలని, అతని గుండె అతన్ని వీడకూడదని ఎవరో ఎంత ప్రేమతో వాటిని అక్కడ ఉంచారో ఆ చిత్రాల్లో స్పష్టంగా తెలుస్తుంది. దొంగలు ఒక సమాధిని దోచినప్పుడు పోయేది ఇదే. మమ్మీని చీల్చి, తాయెత్తులను విడదీసి, ఒక్కొక్కటిగా అమ్ముతారు. 2011 అలజడుల తర్వాత ఈజిప్టులో దోపిడీ తవ్వకాలు పెరిగాయి. 2013 ఆగస్టులో మిన్యా ప్రాంతంలోని మల్లావి మ్యూజియం నుంచి వెయ్యికి పైగా వస్తువులు ఎత్తుకుపోయారు. 280 పౌండ్ల చిన్న వస్తువే కదా అనుకునే కొనుగోలుదారులు చాలామంది ఉండబట్టే చిన్న వస్తువుల దొంగలకు గిట్టుబాటు అవుతోంది.

రెండో ప్రశ్నకు వస్తే, బ్రిటన్‌లో 2003 నాటి చట్టం ప్రకారం అక్రమంగా తవ్వి తీసిన వస్తువని తెలిసీ వ్యాపారం చేస్తే ఏడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. ఆ చట్టంలో కొనడం కూడా వ్యాపారం కిందికే వస్తుంది. తెలియక కొన్నవారి మీద అది పడదు, కానీ అనుమానించడానికి కారణాలు కళ్లముందు ఉండి కూడా కొన్నారన్న మాట మీకు మంచిది కాదు. బ్రిటన్ నుంచి బయటికి పంపేముందు ఎగుమతి అనుమతి కావాలా అని ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్‌ను రాతపూర్వకంగా అడగండి, సమాధానాన్ని దాచుకోండి. భారతదేశంలో వందేళ్లు దాటిన పురాతన వస్తువులకు కస్టమ్స్ టారిఫ్‌లో 9706 అనే ప్రత్యేక శీర్షిక ఉంది. సామాన్లలో వేసుకుని వచ్చేయకుండా ఆ శీర్షిక కింద ప్రకటించి, సుంకం కట్టి, రసీదు తీసుకోండి. ఇక్కడికి వచ్చాక 1972 నాటి పురావస్తువుల, కళాసంపద చట్టం ఉంది. ఆ చట్టంలో వందేళ్లు దాటిన కళాఖండం పురావస్తువు నిర్వచనంలోకి వస్తుంది, దాన్ని దేశం దాటించే హక్కు ప్రైవేటు వ్యక్తులకు లేదు. అంటే దిగుమతి కాగితాలు లేకుండా తెచ్చిన తాయెత్తును రేపు మళ్లీ విదేశానికి తీసుకువెళ్లబోతే విమానాశ్రయంలోనే ఆగిపోవచ్చు. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ ప్రాంతీయ కార్యాలయంతో ముందే మాట్లాడటం మంచిది.

విశాఖపట్నం అన్నారు కాబట్టి వాతావరణం గురించి కూడా చెబుతాను. ఈజిప్టు పొడి నేలలో ఉన్న వస్తువు లోపల ఆ నేల ఉప్పు ఉంటుంది. సముద్రతీరపు తేమలో ఆ ఉప్పు కరుగుతుంది, ఏసీ వేసినప్పుడు మళ్లీ గట్టిపడి స్ఫటికాలవుతుంది. ఇలా పదేపదే జరిగితే గ్లేజు పొరలుగా లేచిపోతుంది. కంచు తాయెత్తులైతే ఇంకా ప్రమాదం. ముట్టుకుంటే రాలే లేత ఆకుపచ్చ పొడి కనిపిస్తే లోహాన్ని క్లోరైడ్లు తినేస్తున్నాయని అర్థం. దాన్ని వెంటనే సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టి, సంరక్షణ నిపుణుడికి చూపించాలి. ఇంట్లో ఇత్తడి సామాను తోమినట్టు చింతపండుతోనో నిమ్మకాయతోనో తోమడం, నీళ్లలో నానబెట్టడం అస్సలు చేయకండి. టేకు, ఇతర కొయ్య బీరువాల్లో మూసి ఉంచినా కొయ్య నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి లోహానికి చేటు చేస్తుంది. మూతపెట్టిన పాలీప్రొపిలీన్ డబ్బా, ఆమ్లం లేని టిష్యూ కాగితం, తేమను చూపే చిన్న కార్డు, ఇంతవరకు చాలు.

ఇక ధరించడం. అసలైన ఫయాన్స్ తాయెత్తును ధరించవద్దు. చెమటలోని ఉప్పు, సెంటు, గొలుసు రాపిడి కలిసి వేల ఏళ్లు నిలిచిన గ్లేజును కొద్దికాలంలోనే పాడుచేస్తాయి. లోహపు తీగ రంధ్రాన్ని కోసేస్తుంది. ఆ కన్ను మెడలో ఉండాలని నిజంగా మనసుంటే మ్యూజియం దుకాణాల్లో అమ్మే కొత్త ప్రతిరూపం కొనుక్కోండి, దానిమీద ఎవరికీ ఏ అభ్యంతరమూ ఉండదు.

అమ్మకందారుకు ఈ ప్రశ్నలు పంపి చూడండి. ఆ యూరోపియన్ సేకరణ యజమాని ఎవరు, ఏ ఊరివారు? ఆయన ఎప్పుడు, ఎక్కడ కొన్నారు? 1983కి ముందు ఈ వస్తువు ఈజిప్టు బయట ఉందని చూపే రసీదు, ఫొటో, కేటలాగు ఏదైనా ఉందా? దొంగిలించిన కళాఖండాల జాబితాల్లో దీన్ని వెతికించారా? నిజంగా ఆధారాలున్నవారు ఇలాంటి ప్రశ్నలకు నొచ్చుకోరు, ప్రతులు పంపుతారు. గోప్యత పేరు చెప్పి దాటవేస్తే వదిలేయండి. ప్రతులు వస్తే పేర్లు, చిరునామాలు మూసివేసి ఇక్కడ పెట్టండి, స్కారబ్ అడుగుభాగాన్ని పక్క వెలుతురులో తీసిన స్పష్టమైన ఫొటో కూడా జతచేయండి, రెండూ చూసి చెబుతాను. ఈలోగా లండన్‌లోనే ఉన్నారు కదా, యూనివర్సిటీ కాలేజీలోని పీట్రీ మ్యూజియానికి వెళ్లండి. ఎనభై వేల వరకు వస్తువులున్న సంగ్రహం అది, తవ్విన చోటు తెలిసిన తాయెత్తులు అక్కడ అద్దాల వెనుక వరుసలుగా ఉంటాయి. వాటి గ్లేజును, వెనుకవైపును, రంధ్రాల అంచులను తీరిగ్గా గమనించి వచ్చాక మీ ఫొటోల్లోని కన్నును మరోసారి చూడండి.